కాల్చిన కూరగాయలతో జొన్న బౌల్: మన వంటింటి సామాన్లతో పూర్తి పద్ధతి

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు కేఫ్‌లలో ఈమధ్య మెనూలో బౌల్ ఒకటి తప్పకుండా కనిపిస్తోంది. అడుగున కినోవా అనే విదేశీ గింజలు, వాటి మీద కాల్చిన కూరగాయలు, పక్కన ఉడికించిన శనగలు, పైన నువ్వుల సాస్. తింటే కడుపు నిండుతుంది, మధ్యాహ్నం కళ్లు మూతలు పడవు. ఇంట్లో చేసుకుందాం అనుకునేసరికి మాత్రం చాలామంది సామాన్ల జాబితా చూసి వెనక్కి తగ్గుతారు. ఆ జాబితాతో మనకు పని లేదు. జొన్నలు, బొబ్బర్లు, గుమ్మడికాయ, వంకాయ, పల్లీలు, నువ్వులు, చింతపండు ఉంటే పూర్తి భోజనం తయారవుతుంది. పాలు, గుడ్లు, మాంసం ఏవీ అక్కర్లేదు.

ఇంట్లో చేసిన బౌల్ చప్పగా వచ్చిందంటే చాలా మటుకు తడే కారణం. కూరగాయలు కాలకుండా ఉడికిపోతాయి, జొన్నలు ముద్దవుతాయి, గింజల నుంచి నీళ్లు కారుతుంటాయి, చివరికి గిన్నెలో అన్నీ ఒకే రుచికి వచ్చేస్తాయి. అందుకని ఈ పద్ధతి అంతా ఒకే నియమం మీద నడుస్తుంది. సాస్ తప్ప మరేదీ తడిగా గిన్నెలోకి రాకూడదు. ప్రతి దశలోనూ నీళ్లను ఎలా బయటికి పంపాలో చూసుకుంటూ పోవాలి.

ఇద్దరికి కావలసినవి

జొన్నలు 100 గ్రాములు. పచ్చజొన్నలు దొరికితే అవే తీసుకోండి, లేకపోతే తెల్లవి. బొబ్బర్లు 80 గ్రాములు. కూరగాయలు అన్నీ కలిపి 600 గ్రాములు: తియ్య గుమ్మడికాయ 200, క్యాలీఫ్లవర్ 200, చిన్న వంకాయలు 100, ఉల్లిగడ్డలు 100. సాస్‌కి పల్లీలు 30 గ్రాములు, నువ్వులు 20, ఎండు కొబ్బరి 10, చిన్న నిమ్మకాయలో సగమంత చింతపండు, పచ్చిమిర్చి నాలుగు, వెల్లుల్లి గడ్డ ఒకటి. గంగవాయిలి కూర గుప్పెడు, నిమ్మకాయ ఒకటి, కొత్తిమీర, పోపు సామాన్లు. నూనె మొత్తానికి రెండున్నర టేబుల్ స్పూన్లు, పల్లీ నూనె అయితే మంచిది.

ఈ కొలతల వెనుక ఒక లెక్క ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినాలి. మన ఇళ్లలో పప్పు, చారుతో పాటు వేసుకునే రెండు గరిటెల వేపుడుతో అందులో సగం కూడా పూర్తవదు. ఈ గిన్నెలో ఒక్కొక్కరికీ 300 గ్రాములు ఒకేసారి వచ్చేస్తాయి. ప్రోటీన్ కూడా తక్కువేం కాదు. జొన్నల నుంచి సుమారు 5 గ్రాములు, బొబ్బర్ల నుంచి 8, పల్లీలు నువ్వుల నుంచి 5, కూరగాయల నుంచి మరికొంత కలిపితే ఒక్కొక్కరికీ 20 గ్రాములు దాటుతుంది. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు కావాలి కాబట్టి ఒక పూటకు ఇది బాగానే సరిపోతుంది. గింజధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుధాన్యాల్లో అదే ఎక్కువ. జొన్నలు, బొబ్బర్లు ఒకే రోజు తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

కూరగాయలు కొనేచోటే జాగ్రత్త మొదలవ్వాలి. 1999లో మొదలైన రైతుబజార్లు నగరంలో ఇప్పటికీ మంచి ఆధారం. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, ఏది దగ్గరైతే అది. పొద్దున్నే వెళ్తే కూర ఇంకా బిగువుగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ వాడిపోకుండా గంటకోసారి నీళ్లు చల్లుతుంటారు, ఆ నీళ్లు క్యాలీఫ్లవర్ రెమ్మల మధ్య, వంకాయ ముచ్చిక కింద నిలిచిపోతాయి. "పొద్దుగాల కోసినయ్ అక్కా, చేతిల వట్టి చూడు" అని అమ్మే ఆవిడ అంటే నిజంగానే పట్టి చూడండి. వంకాయ తోలు నిగనిగలాడుతూ, నొక్కితే కొంచెం లోపలికి పోయి వెంటనే పైకి రావాలి. చేతికి బరువుగా తగిలితే లోపల గింజ ముదిరినట్టే, వదిలేయండి. గుమ్మడికాయ ముక్క కొంటే గింజల చుట్టూ ఉండే పీచు తడితడిగా జారుతోందేమో చూడాలి. పీచు పొడిగా, గుజ్జు ముదురు నారింజ రంగులో ఉన్న ముక్కే బాగా కాలుతుంది. పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి నెలకు సరిపడా ఒకేసారి తెచ్చుకునే అలవాటుంటే బేగంబజార్ వెళ్లండి. అక్కడ సరుకు త్వరగా అమ్ముడుపోతుంది కాబట్టి మక్కిన వాసన వచ్చే అవకాశం తక్కువ.

ముందు రోజు రాత్రి

జొన్నలు కడిగి నానబెట్టండి. కనీసం 8 గంటలు. బొబ్బర్లకు అంత అక్కర్లేదు, 5 గంటలు చాలు. కానీ రాత్రే వేసేస్తే పొద్దున ఆ పని ఉండదు. నానబెట్టిన నీళ్లు పారబోయాలి. గింజల్లో ఉండే ఫైటిక్ ఆమ్లం ఇనుము, జింక్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది, నానబెట్టడం వల్ల అది కొంత తగ్గుతుంది.

క్యాలీఫ్లవర్‌ను కూడా రాత్రే చూసుకోవడం మంచిది. పురుగుల కోసం ఉప్పు, పసుపు వేసిన వేడి నీళ్లలో ముంచడం మనందరికీ అలవాటు. ఆ పని మానక్కర్లేదు గానీ ముంచి తీసిన వెంటనే ఓవెన్‌లో పెడితే అది కాలదు. రెమ్మలు విడదీసి, ఐదు నిమిషాలు ముంచి, నీళ్లు వంచి, పొడి నూలు బట్ట మీద కాడలు పైకి ఉండేలా పరిచి ఫ్యాన్ కింద గంట వదిలేయండి. తర్వాత బట్టలోనే చుట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి పొడిగా ఉంటుంది.

జొన్నలు, బొబ్బర్లు

నానిన జొన్నలకు మూడు రెట్ల నీళ్లు, అర టీస్పూను ఉప్పు వేసి కుక్కర్ పెట్టండి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 20 నుంచి 25 నిమిషాలు. ఆవిరి దిగాక ఒక గింజ నోట్లో వేసుకుంటే కొరకడానికి కొంచెం పట్టు ఉండాలి, లోపల పిండి పిండిగా తగలకూడదు. వెంటనే చిల్లుల గిన్నెలోకి వంచేసి, పది నిమిషాలు అలాగే వదిలి, వెడల్పాటి పళ్లెంలో పరచండి. ఆవిరి పోయేకొద్దీ గింజలు విడివిడిగా అవుతాయి. అప్పుడు ఒక చెంచా నిమ్మరసం కలపండి.

టైమ్ లేని రోజు కొర్రలు వాడుకోవచ్చు. అరగంట నాని, రెండు రెట్ల నీళ్లలో పదిహేను నిమిషాల్లో ఉడికిపోతాయి. కానీ సాస్ తగలగానే మెత్తబడతాయి. నమలడానికి ఉండే గింజ కావాలంటే జొన్నే. రాజేంద్రనగర్‌లో ఇప్పుడు చిరుధాన్యాలన్నిటి మీదా పనిచేస్తున్న జాతీయ పరిశోధన సంస్థ 2014 దాకా జొన్న పరిశోధన కేంద్రంగానే నడిచింది. ఈ నేల పంట అది. రొట్టెకు మాత్రమే అన్నట్టు దాన్ని పిండికే పరిమితం చేయడం నాకు నచ్చదు. గింజగా వండి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

బొబ్బర్లకు మునిగేంత నీళ్లు పోసి రెండు మూడు విజిళ్లు. వంట సోడా వద్దు. త్వరగా మెత్తబడతాయి గానీ బి1 విటమిన్ పోతుంది. ఉడికిన నీళ్లు, అంటే బొబ్బర్ల కట్టు, పారబోయకుండా ఒక గిన్నెలో పక్కన పెట్టండి, సాస్‌కి అదే కావాలి. వడకట్టిన గింజలను తెలంగాణ ఇళ్లలో చేసుకునే గుడాల పద్ధతిలోనే తాలింపు వేయాలి. టీస్పూను నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, చిటికెడు పసుపు వేసి, బొబ్బర్లు వేసి, ఉప్పు చల్లి, మూత లేకుండా మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉండండి. అడుగున తడి ఇంకిపోయి గింజల తోలు కొంచెం ముడుచుకున్నట్టు కనిపిస్తే దించేయండి.

కూరగాయలు కాల్చడం

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. కూరగాయ ముక్క పైన తడి ఉన్నంతసేపూ ఓవెన్‌ను ఎంత వేడిలో పెట్టినా ఆ ముక్క పైభాగం ఆ 98 దాటదు, ఎందుకంటే వచ్చిన వేడంతా నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కమ్మటి వాసన, గోధుమ రంగు రావాలంటే పైభాగం 140 డిగ్రీలు దాటాలి. అప్పుడే ముక్కలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కొత్త రుచులు పుట్టిస్తాయి. తడి పోకుండా రంగు రాదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఎందుకో మీకే తెలిసిపోతుంది.

ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్ ఉన్నవాళ్లు పై రాడ్, కింది రాడ్ రెండూ వేసి 220 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందుగా వేడి చేయండి. ఖాళీ ట్రేను కూడా లోపలే ఉంచండి. వేడెక్కిన ట్రే మీద పడగానే ముక్క చుయ్యిమనాలి. ఫ్యాన్ ఉన్న ఓటీజీ అయితే ఆన్ చేసి 200 పెట్టండి. లేకపోతే మధ్యలో రెండుసార్లు తలుపు కొద్దిగా తెరిచి ఆవిరి పోనివ్వాలి, చిన్న ఓవెన్లలో అది లోపలే తిరుగుతూ కూరగాయను ఉడికించేస్తుంది. తెరిచేటప్పుడు ముఖం దూరంగా ఉంచండి.

ఈలోపు ముక్కలు కోయాలి. గుమ్మడికాయ చెక్కు తీసి ముప్పావు అంగుళం ముక్కలు. అంతకంటే చిన్నగా కోస్తే లోపల మెత్తబడేసరికి పైన మాడుతుంది, పెద్దగా కోస్తే లోపల పచ్చిగా ఉంటుంది. ఉల్లిగడ్డను నాలుగు చీలికలు చేయండి, అడుగున వేరు భాగం తీసేయకుండా, అప్పుడు పొరలు విడిపోవు. క్యాలీఫ్లవర్ రెమ్మలను నిలువుగా సగానికి చీల్చండి. గుండ్రటి రెమ్మ ట్రేకు ఒక్క చోటే తగులుతుంది, చీల్చితే బల్లపరుపు ముఖం మొత్తం తగిలి అంతా రంగు పడుతుంది.

వంకాయలు అన్నిటికంటే చివర. కూరకైతే కోసి ఉప్పు నీళ్లలో వేస్తాం, నల్లబడకుండా. ఇక్కడ అది చేయొద్దు. వంకాయ గుజ్జు నిండా గాలి గదులుంటాయి, నీళ్లు దొరికితే నీళ్లు, నూనె దొరికితే నూనె పీల్చేస్తుంది. నిలువుగా సగానికి కోసి, కోసిన ముఖం మీద కత్తితో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి, వెంటనే వేలితో నూనె పల్చగా రాసేయండి. ముందే నూనె రాస్తే నల్లబడటం ఆగుతుంది, తక్కువ నూనెతోనూ పని జరుగుతుంది.

మిగతా ముక్కలన్నిటికీ కలిపి టేబుల్ స్పూను నూనె. చేత్తో కలిపితే ప్రతి ముక్కకూ అంటుతుంది. ఉప్పు ఇప్పుడు సగమే వేయండి, మిగతా సగం దించాక. ఉప్పు పడి పది నిమిషాలు నిలిచిందంటే ముక్క నీరు వదులుతుంది. కాబట్టి ఉప్పు కలిపిన వెంటనే ట్రే మీదికి వెళ్లిపోవాలి. కారం, ధనియాల పొడి, గరం మసాలా ముందే వేయకండి, ఈ వేడికి పొడులు మాడి చేదెక్కుతాయి. చింతపండు, నిమ్మరసం కూడా ఇప్పుడు వద్దు, పులుపు తగిలితే కూరగాయ మెత్తబడటానికి ఎక్కువసేపు పడుతుంది.

వేడి ట్రే బయటికి తీసి మొదట గుమ్మడి, ఉల్లి పరచండి. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు ఖాళీ. ఈ ఖాళీ విషయంలో రాజీ పడకండి. ట్రే నిండా కుప్పపోస్తే ఒక ముక్క ఆవిరి పక్క ముక్కను తడుపుతూ పోతుంది. ట్రే చిన్నదైతే రెండు విడతలుగా చేయడమే మార్గం. పది నిమిషాల తర్వాత క్యాలీఫ్లవర్‌ను చీల్చిన ముఖం కిందికి, వంకాయను కూడా కోసిన ముఖం కిందికి ఉండేలా పెట్టండి. ఒక మూలన పొట్టు తీయని వెల్లుల్లి గడ్డ, గాటు పెట్టిన పచ్చిమిర్చి నాలుగు పెట్టండి. గాటు లేకపోతే మిర్చి పేలుతుంది.

ఇక కదపకండి. పదిహేను నిమిషాల దాకా గరిట పెట్టాలనిపించినా ఆగండి. తర్వాత ఒక క్యాలీఫ్లవర్ ముక్క కిందికి పల్చటి అట్లకాడ పోనిచ్చి చూడండి. ట్రేను వదలకుండా అతుక్కుని ఉంటే ఇంకా రంగు పడలేదని అర్థం, మరో మూడు నిమిషాలు ఇవ్వండి. తేలిగ్గా ఊడి వస్తే తిప్పి చూడండి. అంచుల్లో ముదురు గోధుమ, మధ్యలో బంగారు రంగు, కాడ దగ్గర ఇంకా తెలుపు. గుమ్మడి మూలలు కొంచెం లోపలికి ముడుచుకుని అంచున పాకంలా మెరుస్తుంటాయి. అన్నిటినీ తిప్పి మరో ఎనిమిది పది నిమిషాలు. మిర్చి తోలు బుడగలు కట్టగానే ముందే తీసేయండి. వెల్లుల్లి నొక్కితే మెత్తగా దిగాలి. పూర్తిగా నల్లబడిన భాగాలు గీకేయండి, అది చేదు.

బయటికి తీశాక గిన్నెలోకి ఎత్తి మూత పెట్టొద్దు. అంతసేపూ పోగొట్టిన ఆవిరి మూత కింద మళ్లీ నీళ్లై ముక్కల మీద పడుతుంది. ట్రే మీదే ఉంచి, మిగిలిన ఉప్పు, పావు టీస్పూను వేయించిన జీలకర్ర పొడి చల్లండి.

ఓవెన్ లేకపోతే

ఇనుప పెనం లేదా అడుగు మందంగా ఉన్న వెడల్పాటి కడాయి చాలు. ఓవెన్ రుచికి దాదాపు దగ్గరగా వస్తుంది, కాకపోతే మీరు పక్కనే నిలబడాలి. పెనం బాగా కాలాక నూనె వేసి గుమ్మడి ముక్కలు ఒకే వరసలో పెట్టండి. మధ్యస్థం కంటే కొంచెం పెద్ద మంట, మూత లేకుండా నాలుగు నిమిషాలు, ఒక వైపు రంగు వచ్చేదాకా. అప్పుడు మంట తగ్గించి ఐదు నిమిషాలు మూత పెడితే లోపల మెత్తబడుతుంది. మూత తీసి, దాని అడుగున చేరిన నీళ్లు పెనంలో పడకుండా పక్కకు తిప్పి, మళ్లీ మంట పెంచి ఇంకో వైపు కాల్చండి. మనం వేపుళ్లకు మొదటే మూత పెడతాం, ఇక్కడ క్రమం తిరగబడింది, అంతే. వంకాయ, క్యాలీఫ్లవర్ కూడా ఇలాగే, ఒకదాని తర్వాత ఒకటి. మిర్చి, వెల్లుల్లి నేరుగా చిన్న మంట మీద జల్లెడ పెట్టి కాల్చుకోవచ్చు.

ఎయిర్ ఫ్రయర్ అయితే 190 డిగ్రీలు, రెండు విడతలు, ఒక్కో విడత పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదపాలి.

సాలన్ సాస్

బిర్యానీ పక్కన వచ్చే మిర్చీ కా సాలన్, పెళ్లిళ్లలో వండే బఘారా బైంగన్, రెండింటి ప్రాణం పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి నూరిన ముద్దలోనే ఉంది. చింతపండు పులుపు దాన్ని నిలబెడుతుంది. ఈ నగరంలో బౌల్ వండుతూ దాన్ని వదిలేసి సీసా సాస్ కొనడం అనవసరం. జొన్నల చప్పదనానికి, గుమ్మడి తీపికి, వంకాయకు ఇంతకంటే బాగా కుదిరే సాస్ నేను తినలేదు.

పల్లీలు సన్న మంట మీద ఆరేడు నిమిషాలు వేయించండి. పొట్టు మీద మచ్చలు పడి, చేత్తో నలిపితే ఊడిపోవాలి. నువ్వులు విడిగా, రెండు నిమిషాలు కూడా పట్టవు, చిటపటలు మొదలవగానే పళ్లెంలోకి వంచేయండి. వేడి బాణలిలోనే వదిలితే ఇంకా వేగి చేదెక్కుతాయి, ఆ చేదు తర్వాత ఎంత బెల్లం వేసినా పోదు. కొబ్బరి తురుము ఒక్క నిమిషం. వంద గ్రాముల నువ్వుల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలు తీసుకోని వాళ్లకు ఈ సాస్ అందుకు కూడా ఉపయోగం.

మూడూ గోరువెచ్చగా ఉన్నప్పుడే మిక్సీలో నీళ్లు లేకుండా తిప్పండి. ముందు పొడి అవుతుంది, అంచులు గీకి మళ్లీ తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. నీళ్లు ముందే పోస్తే పలుకులు మిగిలిపోతాయి. ముద్ద అయ్యాక కాల్చిన వెల్లుల్లిని పొట్టులోంచి పిండి వేయండి, కాల్చిన మిర్చిలో రెండు తుంచి వేయండి, కారం ఎక్కువ తినేవాళ్లు నాలుగూ వేసుకోవచ్చు. బొబ్బర్ల కట్టు అర గ్లాసు పోసి మెత్తగా నూరండి.

చిన్న బాణలిలో రెండు టీస్పూన్ల నూనె వేడి చేసి జీలకర్ర, ఐదారు మెంతి గింజలు, కరివేపాకు వేయండి. మెంతులు ఎర్రబడటం ఆలస్యం, నూరిన ముద్ద, చిక్కటి చింతపండు రసం, పసుపు, అర టీస్పూను ధనియాల పొడి, ఉప్పు వేసేయాలి. సన్న మంట మీద అడుగంటకుండా కలుపుతూ ఐదారు నిమిషాలు. మొదట లేత రంగులో పాలపాలగా ఉంటుంది. ఉడికేకొద్దీ రంగు ముదురుతుంది, బుడగలు బరువెక్కి 'తప్ తప్'మంటాయి, చివరికి బాణలి అంచున సన్నగా నూనె తేలుతుంది. అప్పుడే దించాలి. చిక్కదనం దోశ పిండిలా ఉండాలి. మరీ గట్టిపడితే కట్టుతోనే పలచన చేయండి, మామూలు నీళ్లకంటే రుచి బాగుంటుంది.

చెంచాతో విడిగా రుచి చూస్తే ఉప్పు, పులుపు ఒక పిసరు ఎక్కువనిపించాలి. జొన్నలతో కలిసినప్పుడు అది సరిపోతుంది. పులుపు మరీ గుచ్చితే చిన్న బెల్లం ముక్క.

పచ్చివి

కాల్చినవి, ఉడికినవి, నూరినవి మాత్రమే ఉంటే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. గంగవాయిలి కూర లేత కొసలు తుంచి కడిగి, బట్టతో అద్ది పచ్చిగానే వేయండి. నోట్లో పుల్లగా, కరకరలాడుతూ ఉంటుంది. మనం పప్పులోకి తప్ప వాడని ఈ ఆకులో ఒమేగా-3 కొవ్వు మిగతా ఆకుకూరల కంటే బాగా ఎక్కువ. పాలకూరలో లాగే ఇందులోనూ ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి కిడ్నీలో రాళ్ల సమస్య ఉన్నవాళ్లు దీని బదులు కొత్తిమీర, కీర దోసకాయ వేసుకోండి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, దొరికితే దానిమ్మ గింజలు. కీర వేస్తే గింజల భాగం తీసేయాలి, నీరంతా అక్కడే ఉంటుంది.

గిన్నెలో సర్దడం

వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న గిన్నె తీసుకోండి. స్టీలు పళ్లెం అయినా పర్లేదు. అడుగున వేడి జొన్నలు. వాటి మీద సాస్ మూడు నాలుగు టేబుల్ స్పూన్లు పరిచి, కూరగాయలు సాస్ మీద పెట్టండి. కేఫ్‌లలో సాస్ పైనుంచి పోస్తారు, చూడటానికి బాగుంటుంది, కానీ కష్టపడి తెచ్చిన కాల్చిన పొర క్షణంలో నానిపోతుంది. అడుగు నుంచి ముంచుకుంటూ తింటే ప్రతి ముద్దలోనూ కరకర మిగులుతుంది. ఒక పక్కన బొబ్బర్ల గుడాలు, ఇంకో పక్కన పచ్చివి, పైన నిమ్మకాయ పిండి, వేయించిన నువ్వులు కాసిని. నిమ్మరసం రుచికి మాత్రమే అనుకోకండి. జొన్నలు, బొబ్బర్లలోని ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయం చేస్తుంది, వేడికి అది పోతుంది కాబట్టి చివర్లోనే పిండాలి. టీ ఆ ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది కాబట్టి భోజనం వెంటనే తాగకండి, గంట ఆగండి. గుమ్మడిలోని బీటా కెరోటిన్, అంటే ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థం, ఒంటికి పట్టాలంటే కొంచెం నూనె కావాలి, సాస్‌లో అది ఉంది.

పూర్తిగా మొక్కల నుంచి వచ్చే ఆహారమే తినాలని నిర్ణయించుకున్నవాళ్లు ఒక విషయం తప్పకుండా చూసుకోవాలి. బి12 విటమిన్ ఈ గిన్నెలో లేదు, ఏ ధాన్యంలోనూ కూరగాయలోనూ నమ్మదగినంతగా ఉండదు. డాక్టర్‌ను అడిగి మాత్రలు గానీ, బి12 కలిపిన ఆహారం గానీ తీసుకోండి. వారానికి రెండు పూటలు ఇలా తిని మిగతా రోజులు పెరుగు, పాలు తీసుకునేవాళ్లకు అంత టెన్షన్ అక్కర్లేదు.

కాలాన్ని బట్టి మార్పులు

చలికాలం ఈ వంటకు పండగ. అనపకాయలు వచ్చినన్ని రోజులు బొబ్బర్ల బదులు అనప గింజలే గుడాలు చేయండి. చిలగడదుంపలు సంక్రాంతి దాకా విరివిగా దొరుకుతాయి. వాటిని మాత్రం ఓవెన్ చల్లగా ఉన్నప్పుడే తొక్కతో సహా లోపల పెట్టి ఆన్ చేయండి. దుంప నెమ్మదిగా వేడెక్కితే దానిలోని ఎంజైమ్‌కు పిండిని చక్కెరగా మార్చే సమయం దొరుకుతుంది, బాగా తియ్యబడుతుంది.

వానాకాలంలో మక్కజొన్న కంకి కాల్చి గింజలు వలిచి వేసుకోవచ్చు. క్యాలీఫ్లవర్ ఆ రోజుల్లో పురుగుతో, నీళ్లతో ఉంటుంది, మానేసి దొండకాయ తీసుకోండి. నిలువుగా నాలుగు చీలికలు చేస్తే ఓవెన్‌లో చాలా బాగా ముడుచుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఓవెన్ వేస్తే వంటిల్లు భరించలేం. పొద్దున ఆరింటికే కాల్చి పెట్టేసుకుని, కూరగాయలు గది వేడిమీదే తినండి. చింతపండు బదులు పచ్చి మామిడి ముక్క మిర్చితో పాటు కాల్చి సాస్‌లో నూరితే ఆ పులుపు ఇంకా బాగుంటుంది. ఆ నెలల్లో గుడాలు బయట ఉంచితే మూడు నాలుగు గంటల్లో పులిసిపోతాయి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఆఫీసు డబ్బాలోకి

సాస్ విడిగా చిన్న డబ్బాలో, పచ్చివి ఇంకో డబ్బాలో. కూరగాయలు పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. ఆఫీసులో మైక్రోవేవ్ ఉంటే జొన్నలు, గుడాలు మాత్రమే వేడి చేసుకోండి, కాల్చిన ముక్కలు మైక్రోవేవ్‌లో మళ్లీ చెమర్చి మెత్తబడతాయి. జొన్నలు ఫ్రిజ్‌లో మూడు రోజులు, సాస్ నాలుగు రోజులు నిలుస్తాయి. ఆదివారం రెండూ ఎక్కువ చేసి పెట్టుకుంటే వారం మధ్యలో కూరగాయలు కాల్చుకోవడమే మిగిలి ఉంటుంది.

కూరగాయ ముక్కలు మిగిలిపోతే ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే తినబుద్ధి కాదు. వాటిని మిగిలిన సాస్‌తో కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి, పచ్చి ఉల్లిగడ్డ కలపండి. రాత్రికి జొన్నరొట్టెలోకి వేరే కూర చేయక్కర్లేదు.